కరెంటు తగ్గిందా, వోల్టేజీ తగ్గిందా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. రైల్వే స్టేషనుకి దగ్గరలో చిన్న టిఫిన్ హోటలు నడుపుతున్నాను. పళ్లేలు, గిన్నెలు కడగడానికి ఇరవై లీటర్ల బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి నీళ్లు కాస్తాం. రాడ్డు మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని ఉంది. దాని పెద్ద పిన్నుల ప్లగ్గు మా సాకెట్టులో పట్టక మధ్యలో అడాప్టరు వాడుతున్నాం. తెల్లవారుజామున నలభై నిమిషాల్లో కాగే నీళ్లు సాయంత్రం గంటైనా సరిగ్గా కాగవు. ఆ టైములో ఫ్రిజ్ స్టెబిలైజరు మీద 180 చూపిస్తుంది. గ్రైండరు కూడా మూలుగుతుంది. ఈ మధ్య రాడ్డు ప్లగ్గు నల్లబడింది. మా మేస్త్రి "వోల్టేజీ తగ్గితే వస్తువు కరెంటు ఎక్కువ లాగేస్తాదండీ, అందుకే ప్లగ్గు కాలింది, బిల్లు కూడా పెరుగుతాది" అన్నాడు. పదో తరగతి చదువుతున్న మా పాప "కాదు నాన్నా, వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గాలి" అంటోంది. ఆ పాపే మల్టీమీటరుతో పాత వంద వాట్ల బల్బు నిరోధం కొలిస్తే 40 ఓమ్‌లు చూపించింది. లెక్క వేస్తే 1300 వాట్లు దాటింది. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: మీ పాప మాట రాడ్డుకి సరిపోతుంది. మీ మేస్త్రి మాట గ్రైండరుకి సరిపోతుంది. ఇద్దరూ తెలిసే మాట్లాడారు, కాకపోతే ఒకరు ఒక వస్తువుని, ఇంకొకరు ఇంకో వస్తువుని మనసులో పెట్టుకున్నారు. ప్లగ్గు విషయంలో మాత్రం మేస్త్రి పొరబడ్డాడు. దాన్ని ఈ రోజే సరిచేయించాలి కాబట్టి కింద కాస్త వివరంగా రాస్తాను.

ముందు మాట దగ్గర తేల్చుకుందాం. మన దగ్గర "కరెంటు" అన్న ఒక్క మాటతో అన్నీ నడిపించేస్తాం. "కరెంటు పోయింది" అంటే సరఫరా ఆగిందని. "కరెంటు కొట్టింది" అంటే షాక్ తగిలిందని. "కరెంటు బిల్లు" అంటే యూనిట్ల లెక్క. సాయంత్రం ఫ్యాను నీరసంగా తిరిగితే "కరెంటు తక్కువొస్తోంది" అంటాం, కానీ అక్కడ తగ్గింది వోల్టేజీ. పాప పుస్తకంలో కరెంటంటే ఒక్కటే అర్థం: తీగలోంచి సెకనుకి ఎంత విద్యుదావేశం పోతోందన్నది, ఆంపియర్లలో. వోల్టేజీ అంటే దాన్ని నెట్టే ఒత్తిడి. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకి పాఠం చెప్పిన రోజుల్లో మొదటి వారమంతా ఈ రెండిటినీ విడదీయడానికే సరిపోయేది. అది కుదిరాక మిగతాది గుణకారం, భాగహారం మాత్రమే.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓమ్‌లు, అంటే నిరోధం. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, అంటే సామర్థ్యం. ఇంతే.

మీ రాడ్డునే తీసుకుందాం. 1500 వాట్లను 230తో భాగిస్తే 6.5 ఆంపియర్లు. 230ని 6.5తో భాగిస్తే దాదాపు 35.3 ఓమ్‌లు. ఇక్కడ పాపని ఒక్క నిమిషం ఆగి ఆలోచించమనండి: సాయంత్రం వోల్టేజీ తగ్గితే ఈ మూడింటిలో మారనిది ఏది? రాడ్డు లోపల చుట్టి ఉన్నది నైక్రోమ్ తీగ. దాని పొడవు మారదు, మందం మారదు, వేడెక్కినా దాని నిరోధం పెద్దగా పెరగదు. అందుకే హీటర్లకి ఆ లోహాన్ని ఎంచుకుంటారు. కాబట్టి 35.3 ఓమ్‌లు పొద్దున్నా అంతే, సాయంత్రమూ అంతే. 180ని 35.3తో భాగిస్తే 5.1 ఆంపియర్లు. కరెంటు తగ్గింది, పాప చెప్పినట్టే. ఇప్పుడు 180ని 5.1తో గుణిస్తే సుమారు 919 వాట్లు. వోల్టేజీ అయిదో వంతు పైచిలుకు తగ్గితే వేడి దాదాపు నలభై శాతం పడిపోయింది. ఒత్తిడీ తగ్గింది, దానితో పాటు ప్రవాహమూ తగ్గింది, రెండు నష్టాలూ ఒకదాన్నొకటి గుణించుకున్నాయి.

మీ బకెట్టు లెక్క కూడా దీనికి సరిగ్గా కుదురుతుంది. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఇరవై లీటర్లు, నలభై డిగ్రీల పెరుగుదల అనుకుంటే 3360 కిలోజౌళ్లు. 1500 వాట్ల దగ్గర 37 నిమిషాలు, 919 వాట్ల దగ్గర 61 నిమిషాలు పడుతుంది. బకెట్టు నుంచి గాలిలోకి పోయే వేడి ఇందులో కలపలేదు, అందుకే సాయంత్రం మీకు గంట దాటుతోంది. రాడ్డు బాగానే ఉంది, కొత్తది కొనకండి.

బిల్లు సంగతి: వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. పై బకెట్టుకి పొద్దునైనా సాయంత్రమైనా 0.93 యూనిట్ కాలుతుంది. సాయంత్రం ఎక్కువసేపు తక్కువగా కాలుతుంది, అంతే తేడా. ఆ అదనపు సమయంలో చల్లారిపోయే వేడికి కొద్దిగా కలుస్తుంది తప్ప బిల్లు ఎగిరిపోదు. బకెట్టు మీద మూత వేస్తే అది కూడా తగ్గుతుంది.

ఇవన్నీ కాగితం మీద లెక్కలు. మీ హోటల్లో నిజంగా ఇలాగే ఉందో లేదో చూడాలంటే తీగలు విప్పనక్కర్లేదు. మీ కరెంటు మీటరు ముందు నిలబడండి. దాని మీద ఒక చిన్న ఎర్ర లైటు టిక్కు టిక్కుమని వెలుగుతూ ఉంటుంది. పక్కనే యూనిట్‌కి ఎన్నిసార్లు వెలుగుతుందో అచ్చు వేసి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 అని ఉంటుంది, వేరే అంకె ఉంటే దాన్నే తీసుకోండి. ఫ్రిజ్ ప్లగ్గు స్టెబిలైజరు నుంచి తీసేయండి, ఫ్యాన్లు, లైట్లు ఆపేయండి, రాడ్డు మాత్రం వేయండి. పాప ఫోనులో నిమిషం టైమరు పెట్టుకుని ఆ ఎర్ర మెరుపులు లెక్కపెట్టాలి. వచ్చిన అంకెని 60తో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు. తెల్లవారుజామున 230 వోల్టులుంటే నిమిషానికి 80 మెరుపులు రావాలి. సాయంత్రం 180 దగ్గర 49 రావాలి. ఒకటి రెండు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మెరుపుల నుంచి వాట్లు, వాట్లను స్టెబిలైజరు మీది వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు, మళ్లీ వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓమ్‌లు. రెండు పూటలా 35 దగ్గర్లోనే వస్తే, నిరోధం మారకపోతే వోల్టేజీతో పాటే కరెంటూ మారుతుందన్న ఓమ్ నియమాన్ని ఆ పిల్ల మీ వరండాలో తన కళ్లతో చూసినట్టే.

తీగని విప్పకుండా దవడల మధ్య పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉన్న మేస్త్రి వస్తే ఇంకా తేలిక. ఒక్కటి గుర్తుంచుకోవాలి, మీటరు దవడల మధ్య ఒకే తీగ ఉండాలి. రాడ్డు కేబులు మొత్తం పెడితే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది. మా ట్రేడు పిల్లల్లో సగం మంది మొదటిసారి మీటరు పాడైందనుకునేవాళ్లు.

ఓమ్ నియమానికి పేరిచ్చిన గియోర్గ్ ఓమ్ కూడా బడిపంతులే. జర్మనీలో కొలోన్ పట్టణంలో పాఠాలు చెప్పేవాడు. ఆయనకీ మొదట్లో మీ బాధే వచ్చింది. ఆనాటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండక కొలతలు కుదరలేదు. అప్పుడు రాగి, బిస్మత్ కలిపిన జంటను తీసుకుని ఒక కొసని మరిగే నీళ్లలో, ఇంకో కొసని కరిగే మంచులో ఉంచాడు. రెండు కొసల వేడిలో ఉన్న తేడా వల్లే అలాంటి లోహాల జంటలో వోల్టేజీ పుడుతుంది. ఆ రెండు వేడిమిలూ మారవు కాబట్టి వోల్టేజీ కూడా మారలేదు. తర్వాత తీగలు మారుస్తూ కొలిచాడు, 1827లో పుస్తకం వేశాడు. ఒకదాన్ని కదలకుండా నిలబెట్టాకే రెండోది ఎలా మారుతుందో ఆయనకి తెలిసింది. మీ ఇంట్లో వాదన తెగకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. ఏది నిలకడగా ఉందో చూడకుండా సూత్రం వాడితే ఎటువైపు జవాబైనా వచ్చేస్తుంది.

గ్రైండరు దగ్గరికి వద్దాం. అక్కడ నిలకడగా ఉండేది నిరోధం కాదు, పని. రాళ్ల కింద అంతే పప్పు ఉంది, మోటారు దాన్ని ఇంచుమించు అదే వేగంతో తిప్పాలి. వోల్టేజీ తగ్గిందని పప్పు బరువు తగ్గదు. అందుకని ఆ లోటు పూడ్చుకోవడానికి మోటారు కరెంటు ఎక్కువ తీసుకుంటుంది. మీ మేస్త్రి జీవితమంతా పొలం మోటార్లు, గ్రైండర్లు బాగుచేసి ఉంటాడు, ఆయన మాట ఆ అనుభవంలోంచి వచ్చింది. 230 దగ్గర మూడున్నర ఆంపియర్లు తీసుకునే గ్రైండరు 180 దగ్గర అదే పనికి నాలుగున్నర దాకా పోతుంది. మోటారు లోపలి తీగ చుట్టల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మూలుగు వినిపిస్తే వెంటనే ఆపేయండి. తిరగకుండా మూలిగే మోటారు కొద్ది నిమిషాల్లోనే కాలిపోతుంది. వీలైతే పిండి తెల్లవారుజామునే రుబ్బుకోండి.

మోటారుకి ఇంకో చిక్కుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది దానికి అసలు వాట్లు కావు. తిరగలి విసిరేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడిని పట్టుకుంటారు కదా. ఇద్దరి తోపూ ఒకే క్షణంలో కలిస్తే రాయి హాయిగా తిరుగుతుంది. ఒకరు కాస్త ఆలస్యంగా తోస్తే చేతులు నొప్పి పుడతాయి తప్ప పిండి ఎక్కువ రాదు. మోటారులో కరెంటు వోల్టేజీ కంటే అలా కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటు పోగా ఎంత వాటా అసలు వాట్లుగా మిగులుతుందో చెప్పే అంకెని పవర్ ఫ్యాక్టరు అంటారు. అది 0.7 అయితే 230ని 3.5తో గుణించగా వచ్చిన 805ని మళ్లీ 0.7తో గుణించాలి, అప్పుడు సుమారు 560 వాట్లు. మీ మీటరు లెక్కించేది ఆ 560నే. రాడ్డుకి ఈ బాధ లేదు, దాని ఫ్యాక్టరు ఒకటి. మోటారు చుట్టల నిరోధాన్ని మల్టీమీటరుతో కొలిచి ఓమ్ నియమం వేసినా తప్పే వస్తుంది, ఎందుకంటే తిరిగే మోటారు తన లోపలే ఎదురు వోల్టేజీని పుట్టించి కరెంటుని అడ్డుకుంటుంది.

ఇక ప్లగ్గు.

ప్లగ్గు నల్లబడింది సాయంత్రం కాదు, ఎక్కువగా తెల్లవారుజామునే అయి ఉంటుంది. సాయంత్రం ఆ పిన్నుల్లోంచి పోయేది 5.1 ఆంపియర్లు, పొద్దున 6.5. చిన్న సాకెట్టు తట్టుకునేది 6 ఆంపియర్లు. దానికి తోడు మధ్యలో అడాప్టరు. పిన్నులు రెండు చోట్ల వదులుగా ఆనుకుంటున్నాయి. వదులుగా ఆనుకున్న చోట నిరోధం పుడుతుంది. అది అర ఓమ్ ఉందనుకోండి. 35 ముందు అర ఎంత అనిపిస్తుంది. కానీ 6.5ని 6.5తో గుణించి సగం చేస్తే 21 వాట్లు. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది దొరుకుతుంది. అంటే మీరు రోజూ పొద్దున్నే దాదాపు ఒక సోల్డరింగ్ ఐరన్ని ప్లాస్టిక్ ప్లగ్గులో గుచ్చి నలభై నిమిషాలు వదిలేస్తున్నారు. వేడికి ఇత్తడి రంగు మారుతుంది, స్ప్రింగు బిగువు పోతుంది, ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఇది దానంతటది ఆగదు.

విజయనగరంలో మా ఇంట్లోనే ఇది జరిగింది. ధనుర్మాసం చలిలో ఒక పొద్దున వంటింటి వైపు నుంచి చేపల వాసన వచ్చింది. పక్కింట్లో ఎండు చేపలు వేయిస్తున్నారనుకున్నాను. రెండో రోజూ వచ్చింది. మూడో రోజు గీజరు సాకెట్టు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. విప్పి చూస్తే ఫేజు వైపు స్క్రూ సగం తిప్పు వదులుగా ఉంది, తీగ మీది తొడుగు గోధుమరంగుకి తిరిగి పెళుసుగా రాలిపోయింది. సాకెట్ల ప్లాస్టిక్ మాడినప్పుడు చాలాసార్లు అలాంటి చేపల వాసనే వస్తుంది. అన్నేళ్లు ఈ పాఠం చెప్పిన నేనే రెండు రోజులు ఆ వాసనని పట్టించుకోలేదు. మీరు పట్టించుకోండి.

చేయాల్సింది: అడాప్టరు పారేయండి. నల్లబడిన ప్లగ్గుని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడొద్దు, మార్చేయండి. రాడ్డు కోసం విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి మెయిన్ బోర్డు నుంచి నేరుగా 2.5 రాగి తీగ వేయించండి. షాపులో 2.5 ఎంఎం అంటారు, నిజానికి అది చదరపు మిల్లీమీటర్లు. మూడో పిన్నుకి ఎర్త్ నిజంగా కలిసిందో లేదో మేస్త్రితో పరీక్షించించండి. చాలా పాత కట్టడాల్లో మూడో రంధ్రం వెనక ఏ తీగా ఉండదు.

ఎర్త్ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, అదే భాగహారం మనిషికీ వర్తిస్తుంది. పొడిగా ఉన్న చర్మానికి నిరోధం వేల ఓమ్‌లలో ఉంటుంది. చేతులు తడిసి, కాళ్ల కింద నేల తడిసి ఉంటే ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లకి పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ అనే స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగానే కరెంటుని ఆపేస్తుంది. గిన్నెలు కడిగే చోట ఎప్పుడూ తడే. మీ దగ్గర పనిచేసే అమ్మాయో, కుర్రాడో నీళ్లు కాగాయో లేదో చూడటానికి వేలు ముంచుతారు, నాకు తెలుసు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే బకెట్టు ముట్టుకోవాలని వాళ్లకి గట్టిగా చెప్పండి. ఈ నెల లాభంలోంచి ముందు ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, సాకెట్టు పని కూడా అదే రోజు అయిపోతుంది.

మీరు అడగని మాట ఇంకొకటి. వోల్టేజీ తగ్గడం కంటే పెరగడం ప్రమాదం. మన తీరంలో తుపాను గాలులకి తీగలు తెగడం కొత్త కాదు, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగితే ఇంటికి 300 వోల్టులైనా రావచ్చు. అప్పుడు మీ రాడ్డు 1500 కాదు, 2550 వాట్లు కాలుతుంది. పెద్ద గాలివాన తర్వాత సరఫరా తిరిగి వచ్చినప్పుడు స్టెబిలైజరు మీది అంకె చూశాకే మిగతావి వేయండి.

పాప బల్బు లెక్కకి ఎక్కువ మాటలక్కర్లేదు. మీటరు సరిగ్గానే చూపించింది, పాప సరిగ్గానే గుణించింది. ఆ 40 ఓమ్‌లు చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగవి. వెలిగేటప్పుడు ఆ తీగ రెండున్నర వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది, దాని నిరోధం పది రెట్లు పైగా పెరిగి 529 ఓమ్‌లకి చేరుతుంది. 230ని 529తో భాగిస్తే 0.43 ఆంపియరు, దాన్ని 230తో గుణిస్తే వంద వాట్లు. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో మాత్రం పాప లెక్కలోని పెద్ద కరెంటు నిజంగానే పోతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్చి వేయగానే ఠప్పుమని పోయేది అందుకే. రాడ్డుని కూడా ప్లగ్గు పీకి, ఆరబెట్టి అలాగే కొలవమనండి. అక్కడ మాత్రం చల్లగా ఉన్నా 35 దగ్గరే వస్తుంది. నైక్రోమ్‌కీ టంగ్‌స్టన్‌కీ తేడా ఏంటో ఏ పరీక్ష పేపరూ అంత బాగా చెప్పలేదు.

చివరిగా, ఆ 180 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఇదే సూత్రంతో పట్టుకోవచ్చు. కొత్త సాకెట్టు వేయించాక ఒక సాయంత్రం రాడ్డు వేయకముందు స్టెబిలైజరు మీద వచ్చే వోల్టేజీ రాసుకోండి. రాడ్డు వేసి మళ్లీ రాసుకోండి. ఆ రెండిటి తేడాని 5.1తో భాగించమని పాపకి చెప్పండి. తేడా రెండు మూడు వోల్టులే అయితే నిరోధం అర ఓమ్ చుట్టూ వస్తుంది. అంటే మీ తీగలు బాగానే ఉన్నాయి, ట్రాన్స్‌ఫార్మరు దూరమో, దాని మీద సాయంత్రం భారం ఎక్కువో అయి ఉండాలి. తేడా పది వోల్టులుంటే రెండు ఓమ్‌లు వస్తుంది, అది చాలా ఎక్కువ. స్తంభం నుంచి మీ బోర్డు దాకా ఎక్కడో ఒక అతుకు వదులైందన్నమాట, అది కూడా మీ ప్లగ్గులాగే లోపల కాలుతూ ఉంటుంది. మీటరు నుంచి లోపలివైపు మేస్త్రి చూస్తాడు. మీటరు నుంచి స్తంభం వైపు మీరూ మేస్త్రీ చెయ్యి పెట్టొద్దు, విద్యుత్ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. "వోల్టేజీ తక్కువొస్తోంది" అని ఊరుకోకుండా, ఏ రోజు ఎన్ని గంటలకి, రాడ్డు వేయకముందు ఎంత, వేశాక ఎంత అని పాప రాసిన కాగితం చూసి చదవండి.